భయం సిస్టర్ కౌసల్యమ్మ

ఉప్పల్‌లో మేం పనిచేసిన ఆసుపత్రిలో కౌసల్యమ్మను అందరూ భయం సిస్టర్ అనేవారు. మొహం మీద ఎవరూ అనరు, ఆవిడ అటు తిరగ్గానే అంటారు. ఆపరేషన్ బల్ల ఎక్కబోయే ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లి, "ఏ దిక్కు? నీ చేత్తోని పట్టుకొని సూపియ్యి" అంటుంది. చూపించాక మళ్లీ అడుగుతుంది. సర్జన్ చేతులు కడుక్కుని వస్తే ఆయన్నీ అడుగుతుంది. కొత్తగా చేరిన నర్సు పిల్లలు మాస్కుల వెనక నవ్వుకునేవారు. "ఆవిడకి అదో చాదస్తం మేడమ్" అని ఒకమ్మాయి నాతోనే అంది. నాకు ఒళ్లు మండింది. చాదస్తం ఏమిటి, అది భయం. ఆ భయం ఆవిడను ఎక్కడ పట్టుకుందో నేను కళ్లారా చూశాను. నన్నూ అక్కడే పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

నా పేరు విజయశ్రీ. మాది తణుకు పక్క పల్లె. నర్సింగ్ పూర్తికాగానే నాచారంలో మేనత్తగారింట్లో దిగి, దగ్గర్లోనే ఉన్న ఓ నర్సింగ్ హోమ్‌లో థియేటర్ నర్సుగా చేరాను. అది రెండు వేల ఆరు, ఎండాకాలం. అక్కడ నర్సులందరి మీదా పెద్ద కౌసల్యమ్మ. జనగామ వైపు మనిషి. భర్త దారం మిల్లులో పనిచేస్తూ మిల్లు మూతపడ్డాక మంచాన పడి పోయాడు. ఆయన్ని చూసుకుంటూనే ఆవిడ ఉద్యోగం చేసి కూతుర్ని చదివించుకుంది. అప్పట్లో ఆవిడకు భయమంటే ఏమిటో తెలియదు. గొంతు విప్పితే మల్లాపూర్ రోడ్డు దాకా వినిపించేది. నేను ప్రతి మాటకీ అండీ తగిలిస్తానని నాకు "అండీ పిల్ల" అని పేరు పెట్టింది. "ఓ అండీ పిల్లా, జర ఆ ట్రే అందుకో, నీ అండీ తర్వాత అందువు" అనేది. డాక్టర్లయినా సరే, చేతి తొడుగులు నేల మీద పడేస్తే ఏరించేది.

నర్సింగ్ హోమ్ డాక్టర్ ఉమామహేశ్వర్ గారిది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు, నాలుగు తిట్టేసి ఊరుకునేదాన్ని. ఫ్యాక్టరీ కూలీలకు అర్ధరాత్రయినా తలుపు తీసే మనిషి. మాకు పద్ధతులు నేర్పిందీ ఆయనే. అందులో ఒక పద్ధతి గురించి చెప్పాలి. డాక్టర్ మంచానికి ఎదురుగా నిలబడి కుడి అంటే ఆయన కుడో రోగి కుడో తెలిసేది కాదు. రోగులు కుడి అని చెబుతూ ఎడమ వైపు చూపించేవారు. ఒకసారి ఇలాగే ఒకాయనకు బాగున్న మోకాలికి కట్టు కట్టేశారు. అప్పటి నుంచి ఆయన కుడి, ఎడమ మాటలే మానిపించారు. వార్డులో ఒక పక్క వరసగా కిటికీలు, ఇంకో పక్క తలుపు. అందుకని కిటికీ వైపు, తలుపు వైపు అనమన్నారు. కేస్ షీట్‌లో మామూలుగానే రాసేవారు కానీ నోటి మాటంతా కిటికీ, తలుపే. మాకు హాయిగా ఉండేది. ఇంత తెలివైన ఏర్పాటు ఇంకెక్కడా లేదని చెప్పుకునేవాళ్లం.

ఆ బిల్డింగును వాస్తు చూపించి మరీ కట్టించారు. గేటు ఎటుండాలో, మెట్లు ఎటు తిరగాలో అన్నీ చూసుకున్నారు. స్విచ్ బోర్డులు మాత్రం ఉత్తరం గోడకి బిగించారు. దాంతో మంచాల తలలన్నీ ఆ గోడకే. మన జనం ఉత్తరానికి తల పెట్టుకుంటారా? చేరిన ప్రతివాళ్లూ ఆ మాటే ఎత్తేవారు. కొందరు ఊరుకునేవారు, కొందరు మేం చూడనప్పుడు దిండు ఆ చివర నుంచి ఈ చివరకు మార్చుకుని పడుకునేవారు. మేమూ చూసీచూడనట్టు పోయేవాళ్లం.

మహిపాల్ అని పైపుల కంపెనీలో పనిచేసే కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయేమో. ఒక మూత్రపిండంలో రాయి ముదిరి, చీము పట్టి, అది పూర్తిగా పాడైపోయింది. జ్వరం దిగడం లేదు. రెండోది బాగానే ఉంది. పాడైంది తీసేస్తే బతుకుతాడు. ఉమామహేశ్వర్ గారు పొద్దున రౌండ్‌లో నొక్కి చూసి, "కిటికీ వైపుది. రేపు తీసేద్దాం. సర్జన్‌కి చెప్పాను" అన్నారు. అప్పటికి మహిపాల్ తల ఉత్తరం గోడకే ఉంది.

సాయంత్రం వాళ్లమ్మ సాలమ్మ కౌసల్యమ్మ చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, నా కొడుకు తలాపు ఉత్తరానికి ఉన్నది. రేపు కోస్తరంటున్రు. నాకు గుండె నిలుస్తలేదు. జర తిప్పియ్యి బిడ్డా, నీ కాల్మొక్తా."

"గింతదానికి కాల్మొక్కుడు ఏంది పెద్దమ్మా," అని కౌసల్యమ్మ తనే దిండు తీసి మంచం కాళ్ల వైపు పెట్టి, మహిపాల్‌ను మెల్లగా తిప్పి పడుకోబెట్టింది. తల దక్షిణానికి వచ్చింది. సెలైన్ స్టాండు ఇటు జరిపింది. ఆ తర్వాత డ్యూటీ దిగి ఇంటికెళ్లిపోయింది. ఇది నేను చూశాను. అందులో నాకు మంచితనం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

తెల్లవారి ఆపరేషన్‌కు సిద్ధం చేసే పని చిన్న నర్సు బిందుమాధవిది. "కిటికీ వైపు" అని రాత్రి డ్యూటీ అమ్మాయి చెప్పి వెళ్లింది. బిందు వెళ్లి, కిటికీ వైపు ఉన్న పక్కన వెంట్రుకలు తీసి, ఎర్రటి అయోడిన్ పూసి, పైన గుడ్డ కప్పింది. పిల్లది ఏ తప్పూ చెయ్యలేదు. చెప్పినట్టే చేసింది. మహిపాల్ జ్వరంలో మూలుగుతున్నాడు, మత్తు సూది కూడా అప్పటికే ఇచ్చేశారు. నీకు ఏ పక్క నొప్పి అని వాణ్ని అడిగినవాళ్లు లేరు. ఒళ్లు వాడిదే, నోరూ వాడికుంది, అడగాలని మాకెవరికీ తోచలేదు.

థియేటర్‌లోకి తెచ్చేసరికి కరెంటు పోయింది. ఆ రోజుల్లో పొద్దున్న పూట కోత మామూలే. జనరేటర్ మీద పెద్ద లైటూ, మత్తు మెషీనూ మాత్రమే నడుస్తాయి. ఎక్స్‌రే పెట్టి చూసే పెట్టె నడవదు. ఫిల్మ్ గోడకి వేలాడుతోంది కానీ నల్లగా ఉంది. సర్జన్ గారు బయట నుంచి వచ్చేవారు, ఆ రోజు ఇంకోచోట ఇంకో ఆపరేషన్ ఉందట, హడావుడి పడుతున్నారు. అయోడిన్ ఉన్న పక్క పైకి వచ్చేలా మహిపాల్‌ను ఒత్తిగిలించారు. ఉమామహేశ్వర్ గారు ఎదురుగా నిలబడ్డారు. నేను పరికరాలు అందిస్తున్నాను. కోత పడింది.

చర్మం, దాని కింద కండ. చీము ఉన్న చోట అంతా అట్టకట్టి ఉంటుందని నాకు తెలుసు. ఇక్కడ అన్నీ శుభ్రంగా, తేలిగ్గా విడిపోతున్నాయి. "చాలా ఈజీగా వస్తోందే" అన్నారు సర్జన్. సంతోషంగానే అన్నారు. "బ్లడ్ తెప్పించి దగ్గర పెట్టండి" అన్నారు. మహిపాల్ స్నేహితుడు రక్తం సంచి తెచ్చి వార్డులో వాళ్లమ్మ దగ్గర పెట్టి వెళ్లాడు. దాని కోసం థియేటర్ బయట ఉన్న కౌసల్యమ్మ వెళ్లింది.

అక్కడ జరిగింది ఆవిడ నాకు తర్వాత చెప్పింది. సాలమ్మ ఖాళీ మంచం పక్కన, దిండు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉందట. కౌసల్యమ్మను చూసి మొహం విప్పారించి, "నువ్వు తలాపు తిప్పిచ్చినంక నా కొడుకు మంచిగ పండిండు బిడ్డా. నీ కడుపు సల్లగుండ" అందట. కౌసల్యమ్మ దిండు వంక చూసింది. కిటికీ వంక చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

థియేటర్ తలుపు తోసుకుని వచ్చింది. చెప్పులు మార్చుకోలేదు, మాస్కు లేదు, చేతిలో రక్తం సంచీ లేదు.

"సార్, ఆపుర్రి."

సర్జన్ తలెత్తలేదు. "బ్లడ్ ఏదమ్మా?"

"ఆపుర్రి సార్. అది మంచిగున్న కిడ్నీ."

ఉమామహేశ్వర్ గారి కళ్లు ఎర్రబడ్డాయి. "కౌసల్యమ్మా, ఏమిటిది? బయటికి నడవండి. కిటికీ వైపే కదా అయోడిన్ పూసింది."

"కిటికీ దిక్కే సార్. మనిషే తిరిగిండు. నిన్న వాళ్లమ్మ అడిగితే నేనే తలాపు తిప్పిచ్చిన."

నా చేతిలో క్లాంపు ఉంది. మూత్రపిండానికి వెళ్లే రక్తనాళాన్ని బిగించి పట్టే పరికరం అది. సర్జన్ చెయ్యి చాచి ఉన్నారు, నేను అందివ్వబోతున్నాను. అది పడి ఉంటే, ఆ పైన కత్తెర పడి ఉంటే, ఆ కుర్రాడికి పాడైపోయింది ఒక్కటే మిగిలేది. పరికరం ట్రేలో పెడదామంటే వేళ్లు విడిపోలేదు.

మత్తు డాక్టర్ గోడ మీద ఫిల్మ్ లాగి, గోడ పైన వెలుతురు వచ్చే వెంటిలేటర్ గాజు దగ్గరకు పరుగెత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది.

"ఎడమది సార్. పాడైంది ఎడమది."

బల్ల మీద కుడి పక్క తెరిచి ఉంది. సర్జన్ రెండు చేతులూ కోతలోంచి బయటికి తీశారు.

కుడి పక్క కుట్లు వేసి, మనిషిని రెండో పక్కకు తిప్పి, అసలు చేయాల్సింది చేశారు. అది చీముతో అట్టకట్టి ఉంది, బయటికి రావడానికి చుక్కలు చూపించింది. ఇప్పుడు మహిపాల్‌కు మిగిలింది కుడిది. దాన్ని సర్జన్ చేత్తో కదిపారు, చుట్టూ ఉన్నదంతా విడదీశారు. అది దెబ్బతిన్నదో లేదో తెలియడానికి ఒకటే గుర్తు, మూత్రం రావాలి. పైపు వేశారు. పైపు కింద సంచి కట్టారు. సంచిలో చుక్క లేదు. సర్జన్ గారు చేతులు కడుక్కుని, ఎవరి మొహమూ చూడకుండా కారెక్కి వెళ్లిపోయారు.

ఉమామహేశ్వర్ గారు చేతులు కడిగే పంపు దగ్గర మమ్మల్ని ఆపారు. బయట పైపుల కంపెనీ కుర్రాళ్లు షిఫ్టు దిగి వచ్చి గుమిగూడారు, వాళ్ల గొంతులు లోపలికి వినిపిస్తున్నాయి. ఆయన గొంతు తగ్గించారు.

"రెండో వైపు కూడా చూడాల్సి వచ్చింది, చూశాం. అంతే చెప్పాలి. అర్థమైందా? నిజం తెలిస్తే ఆసుపత్రి తగలబెడతారు. ఇంతమంది బతుకులు దీని మీదున్నాయి." కౌసల్యమ్మ వైపు తిరిగారు. "పేషెంటును తిప్పింది మీరు. అది గుర్తుంచుకోండి."

కౌసల్యమ్మ పంపు కట్టేద్దామని చెయ్యి చాపింది, సగంలో ఆపేసింది. అంత గొంతు మనిషికి గొంతు లేదు. "విజయా, నాకు మస్తు భయమైతుంది" అంది. నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "నాకూనండి" అన్నాను. ఆవిడ కొళాయి అలాగే వదిలేసి వార్డు వైపు నడిచింది. నేను వెనకే వెళ్లాను. ధైర్యం ఉండి కాదు, అక్కడ ఒక్కదాన్నే నిలబడటానికి భయమేసి.

సాలమ్మ లేచి ఎదురొచ్చింది. వెనక మహిపాల్ మేనమామ మొగిలయ్య, కంపెనీ కుర్రాళ్లు.

"పెద్దమ్మా, కూసో. నేను సెప్పేది మంచి మాట కాదు. నీ కొడుకుకు మొదలు మంచి దిక్కు కోసినం. తప్పు దిక్కు. తియ్యలే, ఆపినం. మల్ల అసలు దిక్కు చేసిన్రు. మిగిలింది పనిచేస్తదో లేదో ఇంక తెల్వదు. ఒంటేలు రావాలె."

సాలమ్మకు వెంటనే అర్థం కాలేదు. ఎందుకలా జరిగిందని అడిగింది. కౌసల్యమ్మ దిండు సంగతీ, కిటికీ సంగతీ చెప్పింది. చెబుతుండగానే ఆ తల్లి మొహం పాలిపోయింది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"నేనే గద తిప్పమన్న. నా కొడుకును నేనే కోయిపిచ్చుకున్న."

ఉమామహేశ్వర్ గారు మా వెనకే వచ్చారని అప్పుడు తెలిసింది. "అదేనమ్మా జరిగింది," అన్నారు. ఊపిరి పీల్చుకున్నట్టు అన్నారు. "మీరు తల అటు పెట్టించకపోయి ఉంటే..."

"సార్, ఆ మాట అనకుర్రి," అంది కౌసల్యమ్మ. "అమ్మ అన్నంక తలాపు తిప్పమంటది. ఏ దిక్కు కోస్తున్నమో సూసుకునుడు మన పని. నేను సూడలే. మీరు సూడలే. సర్జన్ సారు సూడలే. పోరన్ని అడిగినోళ్లు లేరు. ఇందుల ఆమె తప్పు ఏం లేదు."

ఆ తర్వాత ఎవరు ముందు కదిలారో చెప్పలేను. కుర్చీ ఒకటి గాల్లో లేచి ముందు తలుపు అద్దానికి తగిలింది. అద్దం భళ్లున పగిలింది. మొగిలయ్య డాక్టర్ చొక్కా పట్టుకోబోయాడు, ఆయన తన గదిలోకి దూరి గడియ పెట్టుకున్నారు. బిందుమాధవి మందుల బీరువా వెనక కూర్చుని ఏడుస్తోంది. నేను గోడకి అతుక్కుపోయాను. ఇక అందరూ కౌసల్యమ్మ మీద పడబోయారు. ఆవిడ కదల్లేదు, చేతులైనా అడ్డం పెట్టుకోలేదు.

సాలమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఈమెను ఎవ్వలు ముట్టకుర్రి. నా కొడుకు సంగతి తేలేదాక ఈమె నా పక్కన కూసుంటది."

అది క్షమించడం అనుకుంటారేమో, కాదు. ఆ పట్టు చూసినదాన్ని నేను. తప్పించుకుపోతుందేమో అన్నట్టు పట్టుకుంది. ఇద్దరూ మహిపాల్ మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. ఇద్దరి కళ్లూ పైపు మీదే. కుర్రాళ్లు పగిలిన తలుపు దగ్గర కాపలా కూర్చున్నారు. సంచి ఖాళీగా వేలాడుతోంది. నేను రక్తపోటు చూడటానికి వచ్చిపోతూ, పైపు ఎక్కడైనా మడత పడిందేమోనని ప్రతిసారీ తడిమి చూసేదాన్ని. మడత పడితే బాగుండునని కూడా అనుకున్నాను. పడలేదు.

చాలాసేపటికి సాలమ్మ మెల్లగా అడిగింది.

"నువ్వు నెత్తురు సంచికి రాకపోతే?"

కౌసల్యమ్మ నా వంక చూసింది. నేను ఏం చెప్పను? సర్జన్ రక్తం అడక్కపోయినా, అది తెచ్చిన కుర్రాడు నేరుగా థియేటర్‌లో ఇచ్చేసినా, ఈ తల్లి నోరు విప్పి దీవించకపోయినా అంతే సంగతులు. ఇన్ని పద్ధతులు పెట్టుకున్న ఆసుపత్రిలో ఆ కుర్రాడి ప్రాణం ఒక ముసలమ్మ దీవెన మీద నిలబడింది.

పొద్దు వాలుతుండగా పైపులో ఎర్రగా ఒక తడి కదిలింది. కౌసల్యమ్మ ముందుకు వంగింది. అది ఆగిపోయింది. మళ్లీ కదిలింది. ఒక చుక్క సంచిలో పడింది. తర్వాత ఇంకొకటి. దీపాలు పెట్టే వేళకు ఎరుపు తగ్గి పసుపు పచ్చగా కారడం మొదలైంది. సాలమ్మ అప్పుడు మణికట్టు వదిలింది. కౌసల్యమ్మ చేతి మీద వేళ్ల అచ్చులు నల్లగా తేలాయి.

"ఇగ పో," అంది సాలమ్మ. ఈసారి దీవించలేదు.

మహిపాల్ బతికాడు. ఇప్పుడు నారపల్లి దగ్గర ఇళ్ల ప్లాట్లు అమ్మే వెంచర్‌లో వాచ్‌మన్. నడుముకు రెండు పక్కలా రెండు గాట్లు. కౌసల్యమ్మను ఆ వారంలోనే రావద్దన్నారు. ఆసుపత్రి పరువు తీసిందట. ఉమామహేశ్వర్ గారు మంచాలన్నీ తూర్పు గోడకి మార్పించారని విన్నాను. మంచాలు మార్చారు, సరే. రోగిని నోరు తెరిచి అడగడం మొదలుపెట్టారో లేదో ఎవరూ చెప్పలేదు. నేనూ కొన్నాళ్లకు అక్కడ మానేసి, ఉప్పల్‌లో కౌసల్యమ్మ చేరిన ఆసుపత్రికే వెళ్లాను.

అక్కడ ఆవిడ వేరే మనిషి. గొంతు తగ్గిపోయింది. నన్ను అండీ పిల్ల అనడం కూడా మానేసింది. ఎవరైనా మంచం జరిపితే చాలు, మొహంలో రంగు మారేది. "ఏ దిక్కు? నీ చేత్తోని సూపియ్యి." సర్జన్లు విసుక్కునేవారు, ఒకాయన అందరి ముందూ కసిరాడు. కళ్లనీళ్లు తుడుచుకుని ఆయన్నే మళ్లీ అడిగింది. "అన్నిసార్లు ఎందుకక్కా?" అంటే, "దినాం నెత్తురు సంచి దొరకది గద విజయా" అంది.

తెలంగాణ వస్తుందని ఊరంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో ఆవిడకు కుడి మోకాలు మార్చాల్సి వచ్చింది. మా ఆసుపత్రిలోనే. వెన్నులో సూది కుదరక పూర్తి మత్తు ఇస్తామన్నారు. బల్ల ఎక్కాక నా వంక చూసింది. "భయమైతుందా అక్కా?" అన్నాను. అవునని తలూపింది. మాస్కు పెట్టే ముందు తన కుడి మోకాలు మడిచి, రెండు చేతుల వేళ్లూ పెనవేసి పట్టుకుంది. మత్తు ఎక్కింది, కళ్లు మూతపడ్డాయి, నోరు కాస్త తెరుచుకుంది. చేతులు మాత్రం మోకాలి మీద అలాగే ఉన్నాయి.

"చేతులు తీయండి సిస్టర్, టైమవుతోంది," అన్నాడు కుర్ర సర్జన్.

"ఒక్కసారి చూడండి సార్. ఏ వైపో పైకి చెప్పండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. వెనక ఎవరో నవ్వారు. నేను ఆవిడ చేతుల మీద నా చెయ్యి వేసి నిలబడ్డాను. ఆయన ఫిల్మ్ వంక చూసి, మోకాలి వంక చూసి, "కుడి" అన్నాడు.

అప్పుడు కౌసల్యమ్మ వేళ్లు ఒక్కొక్కటే విప్పాను.